మతిమరుపు మొదలైన మా నాన్నగారికి తోడుగా మనిషిలా ఉండే రోబో కొనొచ్చా? అది తప్పవుతుందా?

జపాన్‌లో చిబా దగ్గర ఒక వృద్ధాశ్రమంలో మూడేళ్లకు పైగా కేర్‌గివర్‌గా చేశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

నేను చేరేసరికే అక్కడ ఒక పెప్పర్ ఉంది. సాఫ్ట్‌బ్యాంక్ అనే జపాన్ కంపెనీ వాళ్ల తెల్ల రోబో. నాలుగడుగుల ఎత్తు, పెద్ద కళ్లు, ఛాతీ మీద టాబ్లెట్, కాళ్ల బదులు చక్రాలు. పొద్దున హాల్లో అందరిచేతా చేతులు ఎత్తించి దించేది, పాటలు పాడేది. కొత్తలో అమ్మతో ఫోన్లో "ఇవాళ పెప్పర్ పాట మధ్యలో ఆగిపోయిందమ్మా" అంటే "పాపం, గొంతు బాలేదేమో ఆ పిల్లకి" అంది. మన భాషలో ఆడవాళ్లకీ వస్తువులకీ క్రియ ఒకటే కదా! అక్కడివాళ్లు మాత్రం మగపిల్లాణ్ని పిలిచినట్టు "పెప్పర్ కున్" అనేవాళ్లు.

తొంభై దాటిన ఒక బామ్మగారికి అది మనవడే. టీ వేళ ఇచ్చిన కమలాపండులో సగం దాచి దాని చేతిలో పెట్టేది. అది జారి కింద పడేది. "తర్వాత తింటాడులెండి" అని మేం తీసేసేవాళ్లం. కెమెరాకి ముఖం కనబడగానే అది ఆవిడవైపు తల తిప్పేది. తనకోసమే తిప్పాడని ఆవిడ మురిసిపోయేది. ఆ మురిపెం అబద్ధమని నేననను. అది హాల్లో ఉన్న రోజు ఆవిడ అన్నం కూడా బాగా తినేది.

తర్వాత అద్దె గడువు అయిపోయింది. ఆశ్రమంవాళ్లు పొడిగించలేదు. ఇద్దరొచ్చి దాన్ని పెట్టెలో పెట్టి తీసుకెళ్లారు. బామ్మగారు అడిగితే "ఊరెళ్లాడు" అన్నాం. రెండు వారాలు అడుగుతూనే ఉంది. తర్వాత ఒకరోజు "నాతో ఒక్క మాటైనా చెప్పి వెళ్లలేదు" అని గోడవైపు తిరిగి పడుకుంది. నాకు సిగ్గేసింది. రోబో ఆవిణ్ని మోసం చెయ్యలేదు. మనవడు కాదని తెలిసీ ఆ ఆట సాగనిచ్చినవాళ్లం మేమే.

రోబోలకు హక్కులివ్వాలా అనే చర్చ నాకు ఎక్కదు. 2017లో సౌదీ అరేబియా సోఫియా అనే రోబోకి పౌరసత్వం ప్రకటించింది. వార్తగా బాగుంది, అంతే. నాకు అంతకంటే పనికొచ్చేది 2015 నాటి సంగతి. జపాన్‌లోనే యొకొసుకా అనే ఊళ్లో తాగి ఉన్న ఒకాయన షాపులో ఉద్యోగి మీద కోపంతో అక్కడున్న పెప్పర్‌ని తన్నాడు. పోలీసులు అరెస్టు చేసింది ఆస్తి నష్టం కింద. ఆ లెక్కే సరైంది. ఆస్తి అంటే దానికి యజమాని ఉంటాడు. అది ఏం చూస్తోంది, ఆ వీడియో ఎక్కడికి పోతోంది, రేపు తీసేస్తే ఎవరు జవాబు చెప్పాలి అని ఆయన్నే అడగొచ్చు. దానికి మనిషి ముఖం తగిలించగానే ఆ యజమాని మన కంటికి ఆనడు.

ఇంకో మాట. మా నడుములు కాపాడింది పెప్పర్ కాదు, మంచంమీంచి మనుషుల్ని ఎత్తే లిఫ్ట్. దానికి ముఖం లేదు, పేరు లేదు. ఫొటోలు మాత్రం పెప్పర్‌తోనే దిగేవాళ్లం.

ఇక మీ నాన్నగారి సంగతి. జ్ఞాపకం బాగున్నవాళ్లయితే కొనండి అనేదాన్ని. దాన్ని తిట్టుకుంటూ సరదాగా గడిపేస్తారు. ఆయనకి మరపు మొదలైందన్నారు కాబట్టి, పక్కన మనిషి లేకుండా ఆయన్ని దానితో ఒంటరిగా వదలకండి. మనవడనో, మీరే పంపిన పిల్లాడనో చెప్పకండి. బొమ్మ అనే చెప్పండి, మర్చిపోతే మళ్లీ చెప్పండి. పెప్పర్ తయారీ కూడా దాదాపు 27,000 చేశాక 2020లో ఆగిపోయింది. మీరు కొనేదానికి రిపేరు ఎన్నేళ్లు చేస్తారో రాతపూర్వకంగా అడగండి. ఆ గడువు అయ్యాక నాన్నగారు "వాడేడీ?" అంటే ఏం చెబుతారో డబ్బు కట్టకముందే అనుకోండి. మాకు ఆ మాట దొరకలేదు.