డిస్క్ జారితే ఆపరేషన్ తప్పదా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు, కిరాణా షాపు ఉంది. నెల కిందట బియ్యం బస్తా ఎత్తుతుంటే నడుము పట్టేసింది, తర్వాత ఎడమ పిరుదు నుంచి మడమ దాకా కాలు లాగడం మొదలైంది. ఎంఆర్‌ఐలో ఎల్5-ఎస్1 దగ్గర, అంటే నడుము కింది చివర, ఎముకల మధ్య మెత్తగా ఉండే డిస్క్ జారి నరాన్ని నొక్కుతోందని వచ్చింది. వెంటనే ఆపరేషన్ చేయించుకోకపోతే కాలు పడిపోతుందని ఒక డాక్టరు అన్నారు. ఇంట్లోవాళ్లు మర్దనా చేసి నడుము సరిచేసే ఆయన దగ్గరికి వెళ్దామంటున్నారు. మందులతో నొప్పి కాస్త తగ్గింది. ఏం చేయమంటారు?
— ఓ పాఠకుడు, జగిత్యాల

జవాబు: ముందు ఒక పని చేయండి. గోడ పట్టుకుని ఎడమ కాలి మీదే నిలబడి మడమ ఎత్తి చూడండి, కుడి కాలితో ఎత్తినంత తేలిగ్గా ఎత్తగలిగితే నరం బలం ప్రస్తుతానికి బాగానే ఉన్నట్టు. ఎత్తలేకపోయినా, కాలి బలం రోజురోజుకీ తగ్గుతున్నా త్వరగా స్పైన్ సర్జన్‌ని కలవాలి. మూత్రం బిగుసుకుపోయినా, తెలియకుండానే కారిపోతున్నా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా మాత్రం తెల్లారేదాకా కూడా ఆగకండి, అది ఎమర్జెన్సీ.

ఇవేవీ లేకపోతే మీకు టైముంది. జారిన డిస్క్ ముక్క చాలామందిలో నెలలు గడిచేకొద్దీ దానంతటదే కుంచించుకుపోతుంది, అందుకే మొదటి ఆరు వారాలు ఆగి చూడమంటాం. నెదర్లాండ్స్‌లో ఆరు వారాలు దాటినా తీవ్రమైన సయాటికా (నరం నలగడంతో పిరుదు నుంచి కాలికి పాకే నొప్పి) తగ్గనివాళ్లను రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు త్వరగా ఆపరేషన్ చేసి రెండో జట్టును మందులతో ఆపి చూశారు. ఈ ఫలితాలు 2007లో వచ్చాయి. ఆపరేషన్ అయినవాళ్లకు కాలి నొప్పి త్వరగా పోయింది, కానీ ఏడాది తిరిగేసరికి రెండు జట్లూ దాదాపు ఒకేలా కోలుకున్నాయి. ఆగినవాళ్లలోనూ నొప్పి భరించలేక కొందరు మధ్యలో ఆపరేషన్‌కు వెళ్లారు, అందులో తప్పేమీ లేదు.

ఈలోగా మంచానికి అతుక్కుపోవద్దు. ఒకటి రెండు రోజులు చాలు, తర్వాత ఓర్చుకోగలిగినంత నడవండి, ఫిజియోథెరపిస్ట్ దగ్గర వ్యాయామాలు నేర్చుకోండి, బస్తాల జోలికి మాత్రం వెళ్లకండి. నొప్పి బిళ్లలు మెడికల్ షాపులో అడిగి వారాల తరబడి వేసుకుంటే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. వెన్నులో ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో కొందరికి కొన్ని వారాలు కాలి నొప్పి తగ్గుతుంది, డిస్క్ వెనక్కి వెళ్లదు. షుగరుంటే ముందే చెప్పండి, ఇంజెక్షన్ తర్వాత కొన్నాళ్లు పెరుగుతుంది. నడుము మీద తొక్కించుకోవడం, విరిపించుకోవడం అసలు వద్దు, నరం ఇంకా నలిగే ప్రమాదముంది.

రిపోర్టు ఒక్కటే చూసి ఆపరేషన్‌కు ఒప్పుకోకండి. 1994లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో నడుము నొప్పే లేని 98 మందికి ఎంఆర్‌ఐ తీస్తే సగం మందికి పైగా ఏదో ఒక డిస్క్ ఉబ్బి కనిపించింది. ఆరు వారాలు దాటినా కాలి నొప్పి షాపులో నిలబడనివ్వకపోతే, ఆ నొప్పి ఎంఆర్‌ఐలో నలుగుతున్నట్టు కనిపించే నరం వల్లనే అని తేలితే అప్పుడు మైక్రోడిసెక్టమీ అనే ఆపరేషన్ మంచి దారే. జారిన ముక్కను మాత్రమే తీస్తారు. దానివల్ల కాలి నొప్పి బాగా తగ్గుతుంది, నడుము నొప్పి అంతగా తగ్గకపోవచ్చు, కొద్దిమందికి అదే చోట మళ్లీ జారుతుంది కూడా. మొదటిసారి జారిన డిస్క్‌కు మామూలుగా రాడ్లు, స్క్రూలు అక్కర్లేదు. ఎవరైనా వేయాలంటే ఎందుకో వివరంగా అడగండి, ఫిల్ములు పట్టుకెళ్లి ఇంకో సర్జన్‌కి చూపించండి.