నూట ఎనభై కిలోమీటర్లు కలిసి తొక్కి, చివర్లో మాత్రమే ఎందుకు పోటీ పడతారు?

టూర్ డి ఫ్రాన్స్ అంటే మూడు వారాల సైకిల్ రేసు. రోజుకొక స్టేజీ తొక్కుతారు, అన్నిటికీ కలిపి తక్కువ సమయం పట్టినవాడు టూర్ గెలుస్తాడు. దాని గురించి మీరడిగినదానిలో మూడు ప్రశ్నలున్నాయి. టూర్ డి ఫ్రాన్స్‌ చదును స్టేజీల్లో నాలుగు గంటలు అందరూ ఒకే గుంపుగా తొక్కి, చివరి రెండు మూడు వందల మీటర్లలోనే ప్రాణం పెట్టి పోటీ పడటం ఎందుకు? కాళ్లలో అంత బలమున్నవాడు ముందే విడిపోయి ఒంటరిగా గెలవవచ్చు కదా? చివర్లో అంత వేగంగా దూసుకుపోయే స్ప్రింటర్ మొత్తం టూర్ ఎందుకు గెలవడు? మొదటి రెంటికీ జవాబు గాలి. మూడోదానికి కొండలు.

అనంతపురంలో ఉండేవాళ్లకు గాలి గురించి ఒకరు చెప్పనక్కరలేదు. ఆషాఢం వచ్చిందంటే రామగిరి, కళ్యాణదుర్గం వైపు గాలిమరలకు తీరిక ఉండదు. టూర్ జరిగేదీ జూలైలోనే. మా ఊళ్లో కొందరం ఆదివారాలు తెల్లవారకముందే సైకిళ్లు తీసుకుని బయలుదేరుతాం. ఆ రోజుల్లో కళ్యాణదుర్గం దారి పట్టామంటే గాలి నేరుగా ముఖాన కొడుతుంది. ముందున్నవాడు తల వంచుకుని రొప్పుతుంటాడు. అతని వెనక చక్రానికి మూరెడు దూరంలో ఉన్నవాడు రాత్రి చూసిన క్రికెట్ గురించి తీరిగ్గా మాట్లాడుతుంటాడు. ఇద్దరి వేగమూ ఒకటే. వెనక సరైన చోట కుదురుకున్నామని చెవులే చెబుతాయి. అప్పటిదాకా ఉన్న హోరు ఉన్నట్టుండి ఆగిపోతుంది. అర అడుగు పక్కకు జరిగితే మళ్లీ మొదలవుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగంతో పాటు సమానంగా పెరగదు, వేగానికి ఘనం లెక్కన పెరుగుతుంది. గంటకు 40 కిలోమీటర్ల నుంచి 60కి పోవాలంటే వేగం ఒకటిన్నర రెట్లే, గాలికి చెల్లించే శక్తి మాత్రం మూడు రెట్లు దాటుతుంది. ఒకరి వెనక దాక్కుంటే ఆ భారంలో సుమారు మూడో వంతు తగ్గుతుంది. పెద్ద గుంపు నడిమధ్యలో ఉంటే ఇంకా హాయి. 2018లో నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 121 మంది గుంపుకు లెక్క కట్టారు. లోపల వెనక వరుసల్లో ఉన్నవాడికి తగిలే గాలి నిరోధం, ఒంటరిగా పోయేవాడికి తగిలేదానిలో అయిదు నుంచి పది శాతమేనని తేలింది. అలాంటప్పుడు ఒంటరిగా పోయేవాడు ఎంత మొనగాడైనా, వంతులు వేసుకుని తరిమే గుంపు ముందు ఎంతసేపు నిలుస్తాడు?

అయినా దాదాపు ప్రతి చదును స్టేజీలోనూ ముగ్గురో నలుగురో మొదట్లోనే విడిపోతారు. గుంపు వాళ్లను పోనిస్తుంది, ఆ దాతృత్వం వెనక లెక్క ఉంది. తొందరపడి పట్టేసుకుంటే ఇంకొకరు పారిపోతారు, మళ్లీ తరమాలి. అందుకని రెండు మూడు నిమిషాల దూరంలో వాళ్లను అలాగే వేలాడదీస్తారు. పది కిలోమీటర్లకు ఒక నిమిషం తగ్గించవచ్చునని పాత అంచనా ఒకటి ఉంది. ఆ లెక్కతో, ముగింపుకు కొద్ది దూరంలో వాళ్లను మింగేస్తారు. టీవీలో ఎవరూ పట్టించుకోని మనిషి ఒకడు గుంపు ముందు గంటల తరబడి గాలికి ముఖం పెట్టి తొక్కుతుంటాడు. స్ప్రింటర్ జట్టులో అతని ఉద్యోగం అదే. గెలిచినవాడు చేతులెత్తే వేళకు అతను ఎక్కడో వెనక నెమ్మదిగా వస్తుంటాడు. నన్నడిగితే జీతం పెంచాల్సింది ముందు అతనికే.

ఇక చివరి పది కిలోమీటర్లు. జట్టుకు ఎనిమిది మంది. అందులో స్ప్రింటర్ కోసం నలుగురైదుగురు వరసగా ఒకరి వెనక ఒకరు చేరతారు. దీన్నే రైలు అంటారు. ముందున్నవాడు ఉన్న శక్తంతా తొక్కేసి పక్కకు తప్పుకుంటాడు, తరువాతివాడు అందుకుంటాడు. చివరి కిలోమీటరు దగ్గర రోడ్డు మీద ఎర్ర జెండా వేలాడుతుంది. అక్కడికి వచ్చేసరికి ఇద్దరో ముగ్గురో మిగలాలి. ఆఖరివాడు, అంటే లీడౌట్ మనిషి, స్ప్రింటర్‌ను సుమారు రెండు వందల మీటర్ల దగ్గర వదిలిపెడతాడు. వేగం అప్పటికే అరవై దాటి ఉంటుంది. అంత వేగం దేనికంటే, వెనక నుంచి ఎవరూ పక్కకు వచ్చి దాటిపోకుండా ఉండటానికి.

1990లలో సిపొల్లిని అనే స్ప్రింటర్ కోసం సాయెకో జట్టు ఈ రైలును ఒక కళగా మార్చింది. నాకు అన్నిటికంటే నచ్చిన ఉదాహరణ మాత్రం 2009 టూర్ చివరి రోజు, పారిస్‌లోది. మార్క్ రెన్‌షా లీడౌట్ మనిషిగా ఆఖరి మలుపు దాకా లాగి వదిలాడు, అతని జట్టు స్ప్రింటర్ మార్క్ కావెండిష్ గెలిచాడు. రెండో స్థానంలో వచ్చింది ఎవరో తెలుసా? రెన్‌షానే. లాగి అలసిపోయినవాణ్ని కూడా మిగతా స్ప్రింటర్లు అందుకోలేకపోయారు. 2012లో అదే వీధిలో ఇంకో వింత జరిగింది. టూర్ గెలిచినట్టు ఖాయమైపోయిన బ్రాడ్లీ విగ్గిన్స్, మొత్తం మీద ముందున్నవాడు తొడిగే పసుపు జెర్సీ వేసుకుని మరీ, చివరి కిలోమీటరులో ముందు నిలబడి తన జట్టులోని కావెండిష్ కోసం గాలి కోశాడు.

మా ఆదివారం గుంపులో విత్తనాల దుకాణం నడిపే అన్న ఒకాయన ఉన్నాడు. కాస్త భారీ మనిషి. ఎత్తు వచ్చిందంటే అందరికంటే వెనకే. కానీ రాప్తాడు దాటాక మేము టీ తాగే హోటల్ ముందు కిలోమీటరు రాయి దగ్గర ఆయన్ను ఓడించినవాళ్లు తక్కువ. దారంతా ఆయన ఒక్కసారి కూడా ముందుకు రాడు. అడిగితే, "ముందుకొస్తే టీ డబ్బులు నువ్విస్తావా?" అంటాడు. రాయి ఇంకా మూడు వందల మీటర్లుందనగా ఎవరో ఒక కుర్రవాడు ఆగలేక లేస్తాడు. అన్న అతని చక్రం వెనక నక్కి, చేతులు హ్యాండిల్ కింది వంపు మీదికి దించి, ఆఖరి నూరు మీటర్లలో పక్కకు వస్తాడు. ఎదురుగాలి రోజున ఇది తిరుగులేని పద్ధతి. ముందు లేచినవాడు ముందే చస్తాడు. గాలి వెనక నుంచి తోస్తున్న రోజున లెక్క తలకిందులవుతుంది. వెనకవాడికి దాక్కునే లాభం తగ్గుతుంది కాబట్టి ముందే లేచినవాడికి గెలుపు దక్కుతుంది. టూర్‌లో కూడా చివరి వీధిలో గాలి ఎటు నుంచి ఉందో, ఆఖరి మలుపు ఎక్కడుందో జట్టు కారులోంచి రేడియోలో చెబుతూనే ఉంటారు.

పక్కగాలి సంగతి వేరే చెప్పాలి. బెంగళూరు హైవే మీద మేము దక్షిణంగా పోతుంటే ఆషాఢంలో గాలి కుడి పక్క నుంచి కొడుతుంది. అప్పుడు నేరుగా వెనక నిలబడితే లాభం లేదు, కాస్త ఎడమకు ఏటవాలుగా నిలబడాలి. మూడోవాడు ఇంకాస్త ఎడమకు. ఇలా ఇద్దరు ముగ్గురయ్యేసరికి రోడ్డు అంచు వచ్చేస్తుంది. నాలుగోవాడికి నీడ ఉండదు, మట్టి మాత్రం ఉంటుంది. కుడివైపు పరుచుకుందామంటే లారీలు. టూర్‌లో రోడ్డంతా వాళ్లదే కాబట్టి ఈ ఏటవాలు వరుస పది పదిహేను మంది దాకా సాగుతుంది. మిగిలినవాళ్లు అంచున ఒంటి వరుసలో అల్లాడి తెగిపోతారు. 2013లో సెంటమాన్ మోంట్రోన్ చేరిన 13వ స్టేజీ చూడండి. పెద్ద కొండ అన్నదే లేని రోజు. గాలిలో గుంపు ముక్కలైంది. టూర్ గెలవాలని చూస్తూ, చక్రం చెడి ఆగిన వాల్వెర్డె దాదాపు పది నిమిషాలు పోగొట్టుకున్నాడు. పసుపు జెర్సీలో ఉన్న ఫ్రూమ్‌కు కూడా నిమిషానికి పైగా నష్టం వచ్చింది. ముందు మిగిలిన 14 మందిలో స్ప్రింట్ గెలిచింది కావెండిష్. చదును స్టేజీ అంటే విసుగు అనేవాళ్లకు నేను ఇదే చూపిస్తాను.

ఇక ఇందులో ఉన్న ప్రమాదం సంగతి. స్ప్రింట్ మొదలుపెట్టాక తన గీత వదిలి పక్కవాడి దారికి అడ్డం పోకూడదన్నది నియమం. 2020 ఆగస్టులో పోలండ్ టూర్ మొదటి స్టేజీలో, కటోవిట్సె దగ్గర దిగుడు రోడ్డు మీద, గ్రునెవెగెన్ అనే స్ప్రింటర్ అలా అడ్డం జరిగాడు. యాకబ్‌సెన్ బ్యారికేడ్లకు కొట్టుకున్నాడు, వైద్యులు అతన్ని కోమాలో ఉంచాల్సి వచ్చింది. గ్రునెవెగెన్‌పై తొమ్మిది నెలల నిషేధం పడింది. యాకబ్‌సెన్ కోలుకుని 2022 టూర్ రెండో స్టేజీ గెలిచాడు. మర్నాడు మూడో స్టేజీ గెలిచింది గ్రునెవెగెన్. కథ రాసేవాడు ఇలా రాస్తే అతకలేదంటాం.

మొత్తం టూర్ కోసం పోటీ పడేవాళ్లు కూడా చివర్లో ముందుకు తోసుకొస్తారు, వెనక ఎవరైనా పడితే తమ సమయం పోతుందన్న భయంతో. అందుకే చదును స్టేజీల్లో చివరి మూడు కిలోమీటర్లలో పడినా, చక్రం చెడినా, అప్పుడున్న గుంపుకిచ్చిన సమయమే ఇస్తారు. ఈ మధ్య కొన్ని స్టేజీలకు ఆ దూరాన్ని అయిదు కిలోమీటర్ల దాకా పెంచుతున్నారు.

ముగింపు గీత దగ్గర సైకిల్‌ను చేతులతో ముందుకు తోయడం చూసే ఉంటారు. 2017లో ఏడో స్టేజీని కిటెల్ అనే స్ప్రింటర్ ఆరు మిల్లీమీటర్ల తేడాతో గెలిచాడు. ఆ తోపు విలువ అది.

ఇక మూడో ప్రశ్న, స్ప్రింటర్ మొత్తం టూర్ ఎందుకు గెలవడని. స్ప్రింటర్ శరీరం కొండకు బరువు. కొండ స్టేజీల్లో విజేత సమయానికి ఇంత శాతం లోపల చేరాలన్న గడువు ఉంటుంది, దాటితే ఇంటికే. స్ప్రింటర్లంతా వెనక ఒక గుంపు కట్టి ఆ గడువుతోనే పోరాడతారు. 2024 మొదటి స్టేజీలో రిమిని దారిలో ఎండకు కావెండిష్ వాంతులు చేసుకుంటూ, సహచరులను అంటిపెట్టుకుని గడువు లోపల చేరాడు. అప్పుడతనికి 39 ఏళ్లు. నాలుగు రోజులకు సెయింట్ వుల్బాలో, ఒకరి చక్రం వదిలి ఇంకొకరి చక్రం అందుకుంటూ వచ్చి, టూర్‌లో తన 35వ స్టేజీ గెలిచి, పాతతరం మేటి ఎడ్డీ మెర్క్స్ 34 గెలుపుల రికార్డును దాటాడు. ముప్పై అయిదు స్టేజీలు గెలిచినవాడు టూర్‌లో పసుపు జెర్సీ తొడుక్కున్నది ఒకే ఒక్క రోజు, 2016లో మొదటి స్టేజీ గెలిచాక. మర్నాడు సాయంత్రానికే దాన్ని పీటర్ సాగన్ తీసుకుపోయాడు.