పార్కింగ్ టికెట్ (తప్పుగా పార్క్ చేసినందుకు పడే ఫైన్) కలెక్షన్స్‌కి వెళ్ళింది, కట్టాలా వద్దా?

ప్రశ్న: చికాగోలో ఎంఎస్ చదివేటప్పుడు నాకొక పాత కారు ఉండేది. ఉద్యోగం వచ్చి డాలస్‌కి మారేముందు దాన్ని ఒక జూనియర్‌కి అమ్మేశాను. రెండేళ్ళ తర్వాత ఇప్పుడు ఒక కలెక్షన్ ఏజెన్సీ (బాకీలు వసూలు చేసిపెట్టే ప్రైవేటు కంపెనీ) నుంచి ఉత్తరం వచ్చింది. మూడు పార్కింగ్ టికెట్లట. రెండు నావే, కట్టడం మర్చిపోయాను. మూడోదాని తేదీ చూస్తే కారు అమ్మిన నెల తర్వాతది. ఒక్కోటి రెట్టింపై, దాని మీద కలెక్షన్ ఫీజు. సిటీకి కట్టాల్సిన ఫైన్‌ని ప్రైవేటు వాళ్ళు ఎలా అడుగుతారు? ‘అప్పు రుజువు చూపించమని ముప్పై రోజుల్లో ఉత్తరం రాసెయ్, వాళ్ళే నోరు మూసుకుంటారు’ అంటున్నాడు మా రూమ్మేట్. క్రెడిట్ స్కోరు ఏమవుతుందో, వచ్చే నెల వీసా స్టాంపింగ్‌లో (పాస్‌పోర్టులో వీసా వేయించుకునే ఇంటర్వ్యూలో) ఏమంటారో అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ రూమ్మేట్ సలహా క్రెడిట్ కార్డు బాకీకైతే పనికొచ్చేది. సిటీ ఫైన్ దగ్గర అది పనిచేయదు, చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

ఆయన చెబుతున్న హక్కు 1977 నాటి ఫెయిర్ డెట్ కలెక్షన్ ప్రాక్టీసెస్ యాక్ట్ అనే అమెరికా అప్పుల వసూలు చట్టంలోది. నోటీసు అందిన ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే, రుజువు పంపేదాకా ఏజెన్సీ వసూలు ఆపాలి. అయితే ఆ చట్టం లెక్కలో అప్పు అంటే ఏదో ఒక లావాదేవీ నుంచి పుట్టిన బాకీ. మీరు ఏదైనా కొనుక్కోవాలి, సేవ వాడుకోవాలి, డబ్బు ఇస్తానని ఒప్పుకోవాలి. ఫైన్ అలాంటిది కాదు, నియమం తప్పినందుకు పడిన శిక్ష. చికాగో నగరం వేసిన జరిమానాల కేసులోనే ఇల్లినాయ్ కూడా దాని కిందికి వచ్చే ఫెడరల్ అప్పీల్ కోర్టు, సెవెంత్ సర్క్యూట్, 2011లో ఈ మాట తేల్చేసింది. కాబట్టి మీ ఉత్తరానికి ఏజెన్సీ జవాబివ్వకపోయినా ఆ చట్టం కింద మీరు చేయగలిగింది పెద్దగా ఏమీ ఉండదు.

ఇందులో ఒక తమాషా ఉంది. అదే కోర్టు 2016లో ఇంకో పార్కింగ్ కేసులో వినియోగదారుల వైపు నిలిచింది. అక్కడ బండ్లు పెట్టింది రైల్వే స్టేషన్ దగ్గర ఒక కంపెనీ నడుపుతున్న పార్కింగ్ లాట్‌లో (బండ్లు పెట్టే స్థలంలో). రోజుకి డాలరున్నర ఫీజు, కట్టకపోతే 45 డాలర్లు అదనం అని బోర్డు. బండి పెట్టారంటే ఆ షరతులకి ఒప్పుకున్నట్టే, కాబట్టి అది ఒప్పందపు బాకీ, అప్పుల చట్టం వర్తిస్తుంది అన్నారు. అంటే వీధిలో పెడితే ఒక న్యాయం, లాట్‌లో పెడితే ఇంకో న్యాయం. అందుకని ముందు మీ ఉత్తరంలో ‘ఎవరి తరఫున’ అన్న చోట ఏముందో చూడండి. సిటీ ఆఫ్ చికాగో అని ఉంటే పైన చెప్పినదంతా మీకు వర్తిస్తుంది. వీధిలో పార్కింగ్ డబ్బులు తీసుకునే మీటర్లు ప్రైవేటువే కదా అని కొందరు వాదిస్తారు. నిజమే, 2008లో చికాగో తన మీటర్లని 75 ఏళ్ళకి ఒక ప్రైవేటు కంపెనీకి లీజుకిచ్చింది. అయినా సిటీ వేసిన టికెట్ సిటీ ఫైనే.

ఇక ప్రైవేటు వాళ్ళు అడగొచ్చా అంటే, అడగొచ్చు. ఫైన్ వేసింది సిటీ, ఏజెన్సీ వసూలు చేసిపెడుతోంది. రెట్టింపు అవడమూ, కలెక్షన్ ఖర్చు కలవడమూ నగర నిబంధనల్లో ఉన్నవే. కానీ బండి కదలకుండా చక్రానికి బూట్ అనే ఇనప తాళం బిగించే అధికారం ఏజెన్సీకి లేదు, అది సిటీ చేసే పని. కట్టని టికెట్లు మూడు తుది నిర్ణయం దాకా వెళ్ళినా, ఏడాది దాటినవి రెండు ఉన్నా చాలు, చికాగోలో బూట్ వేస్తారు. ‘డ్రైవింగ్ లైసెన్సు పోతుంది’ అని ఫోన్లో బెదిరిస్తే నమ్మకండి. పార్కింగ్ టికెట్లు కట్టలేదని లైసెన్సు సస్పెండ్ చేసే పద్ధతిని ఇల్లినాయ్ 2020 జులై నుంచి ఎత్తేసింది.

క్రెడిట్ స్కోరు సంగతి: న్యూయార్క్ అటార్నీ జనరల్‌తో 2015లో కుదిరిన ఒప్పందం తర్వాత క్రెడిట్ రిపోర్టులు తయారుచేసే ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ కంపెనీలు మూడూ ఒప్పందం నుంచి పుట్టని బాకీలని, అంటే సిటీ ఫైన్లలాంటివాటిని, రిపోర్టులో చూపించడం మానేశాయి. మీ రిపోర్టులో కనబడితే డిస్ప్యూట్ వేయండి, అంటే తప్పని ఆ కంపెనీకి అభ్యంతరం తెలపండి. స్టాంపింగ్ గురించి నిద్ర పాడుచేసుకోకండి. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో అడిగేది అరెస్టు గురించీ, నేరం రుజువవడం గురించీ. చికాగో పార్కింగ్ టికెట్ సివిల్ ఉల్లంఘన మాత్రమే.

మీవైన రెండూ కట్టేయండి. అయితే ఉత్తరంలో ఉన్న లింకులో గానీ, ఫోన్ చేసినవాడు చెప్పిన ఖాతాకి గానీ కట్టేయకండి. సిటీ వెబ్‌సైటు మీరే తెరిచి టికెట్ నంబరు కొట్టి చూడండి. అక్కడ మొత్తం సరిపోతే అక్కడే కట్టి రసీదు దాచుకోండి. ఒకేసారి కుదరకపోతే వాయిదాల పద్ధతి కూడా ఉంది.

అసలు పని మూడోదాని మీద. మన దగ్గర, అంటే ఇండియాలో, నంబరు బండిది, బండి చేతులు మారితే నంబరూ దానితోపాటే పోతుంది. ఇల్లినాయ్‌లో నంబరు మనిషిది. కారు అమ్మేటప్పుడు నంబరు ప్లేట్లు విప్పేసి మీ దగ్గర పెట్టుకోవాలి, అమ్మినట్టు అక్కడ బండ్ల రిజిస్ట్రేషన్ చూసే సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయానికి తెలపాలి. మన పిల్లల్లో చాలామంది తాళంచెవితోపాటు ప్లేట్లూ ఇచ్చేసి వస్తారు. మీ విషయంలోనూ అదే జరిగిందని నా అనుమానం. అయినా దారి మూసుకుపోలేదు. టికెట్ పడిన రోజున కారు నాది కాదు అన్నది ఇల్లినాయ్ చట్టం గుర్తించిన కారణం, దాని ఆధారంగా, ఫైన్ మీరే కట్టాలన్న నిర్ణయాన్ని రద్దు చేయమని అడగొచ్చు. చిక్కల్లా గడువే, అది చాలా చిన్నది, ఈపాటికి దాటిపోయి ఉండొచ్చు. నోటీసే అందలేదంటే ‘రిజిస్ట్రేషన్‌లో ఉన్న అడ్రసుకి పంపాం’ అంటారు. అయినా బిల్ ఆఫ్ సేల్ (అమ్మకం రసీదు) కాపీ, టైటిల్ (యాజమాన్య పత్రం) బదిలీ కాగితం జతచేసి సిటీ ఫైనాన్స్ విభాగానికి రాయండి. ఏజెన్సీకీ ఒక కాపీ పంపి, ఈ టికెట్ వివాదంలో ఉందని చెప్పండి.

ఉత్తరం రాసేముందు ఆ జూనియర్‌కి ఒక ఫోన్ కొట్టండి. కారుని తన పేరు మీదకి ఏ తేదీన మార్చుకున్నాడో, అంతదాకా ఏ ప్లేట్లతో తిప్పాడో అడగండి. ఆ రిజిస్ట్రేషన్ కాగితం ఫోటో ఒకటి తెప్పించుకోండి.