ఇ20 పెట్రోలు, పాత బండి పొగ

ప్రశ్న: నాది 2012 మోడల్ కార్బురేటర్ బైకు. ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) పోయించడం మొదలయ్యాక పొల్యూషన్ పరీక్షలో సీఓ (కార్బన్ మోనాక్సైడ్) తగ్గింది. కానీ పొద్దున్నే ఓ పట్టాన స్టార్టవదు, మైలేజీ కూడా తగ్గింది. ఇదేం లెక్క?

జవాబు: ఇథనాల్ బరువులో దాదాపు 35 శాతం ఆక్సిజనే. అందుకే పెట్రోలు మరింత పూర్తిగా కాలి కార్బన్ మోనాక్సైడ్ తగ్గుతుంది. ఇంజెక్షన్ బండిలో ఆక్సిజన్ సెన్సార్ చెప్పినదాన్ని బట్టి పెట్రోలు పెరుగుతుంది. మీ కార్బురేటర్‌లో జెట్ (పెట్రోలు వదిలే సన్న రంధ్రం) ఎంత వదిలితే అంతే, కాబట్టి మిశ్రమం పలచబడుతుంది, అంటే గాలి ఎక్కువై పెట్రోలు తక్కువవుతుంది. పొద్దున్నే స్టార్టవడానికి మొరాయించేదీ అందుకే. దాంతో నైట్రోజన్ ఆక్సైడ్లు పెరగొచ్చు, ఎసిటాల్డిహైడ్ అనే హానికర వాయువు ఎలాగూ పెరుగుతుంది. పెట్రోలు బండ్ల పొల్యూషన్ పరీక్షలో ఈ రెండూ కొలవరు, కనుక ఆ కాగితం చూసి మురిసిపోనక్కర్లేదు.

లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ. ఆ లెక్కన ఇథనాల్ లేని పెట్రోలుతో పోలిస్తే మైలేజీ 6-7 శాతం తగ్గడం మామూలే. అంతకు మించితే ప్లగ్గు విప్పి చూడండి. తెల్లగా ఉంటే మిశ్రమం పలచనైనట్టు. ఇంజిన్ వేడెక్కాక మిక్స్చర్ స్క్రూను పావు చుట్టు తిప్పండి: స్క్రూ ఎయిర్ ఫిల్టర్ వైపుంటే లోపలికి, ఇంజిన్ వైపుంటే బయటికి. అతి చేస్తే ప్లగ్గు నల్లబడి సీఓ మళ్లీ పెరుగుతుంది.

వారాల తరబడి బండి తీయకపోతే ఇథనాల్ తేమ పీల్చుకుంటుంది. డ్రెయిన్ స్క్రూ వదులుచేసి ఫ్లోట్ బౌల్ (కార్బురేటర్ అడుగున పెట్రోలు నిలిచే గిన్నె) ఖాళీ చేయండి. పెట్రోలు పైపు, ఓ-రింగులు (రబ్బరు సీళ్లు) ఉబ్బినా పగిలినా మార్చాల్సిందే; కారే పెట్రోలు ఆవిరి ఈ పొల్యూషన్ పరీక్షలో కనబడదు.