పాఠకుల ప్రశ్నలు: మగపిల్లాడు ఐదు శ్రుతిలో పాడితే తప్పా?

ప్రశ్న: మేడమ్ గారూ, నాకు ఇరవై ఏళ్ళు, విజయనగరంలో డిగ్రీ చదువుతున్నాను. మాట్లాడితే నాది గట్టి మగ గొంతే. పాట దగ్గరకొచ్చేసరికి మాత్రం ఐదు శ్రుతిలో, అంటే మామూలుగా ఆడవాళ్ళు పాడే ఎత్తులో, హాయిగా ఉంటుంది, కింద శ్రుతిలో పాడితే నాకే నచ్చదు. మా తాత చీపురుపల్లి వైపు తూర్పు భాగవతమనే మన ఉత్తరాంధ్ర వీధినాటకంలో సత్యభామ వేషం కట్టేవారు, ఆయన నుంచే వచ్చిందంటారు ఇంట్లో. కాలేజీలో ఫ్రెండ్స్ ‘ఆడగొంతు’ అని ఏడిపిస్తారు. పారిస్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో ఒకాయన వానలో ఆడవాళ్ళ స్థాయిలో పాడాడు, అలాంటివాళ్ళని కౌంటర్ టెనర్ అంటారట. వాళ్ళ జీవితం ఎలా ఉంటుంది? నాకు కుదురుతుందా? ఒక క్లిప్ పంపుతున్నాను, వినండి.
— పేరు రాయొద్దన్న పాఠకుడు, విజయనగరం

జవాబు: బాబూ, నీ క్లిప్ మళ్ళీ మళ్ళీ విన్నాను. మోహన వర్ణం. పై షడ్జమం (స) మీద నిలబడ్డ తీరు బాగుంది, శ్రుతి ఎక్కడా జారలేదు. ఇబ్బందల్లా కింద నుంచి వస్తూ పంచమం (ప) దాటి ధైవతం (ద) పట్టుకునే చోట. అప్పటిదాకా నిండుగా వచ్చిన నాదం అక్కడ ఠక్కున తెగి, సన్నటిది ఇంకోటి మొదలవుతోంది. ఇది నీ ఒక్కడి లోపం కాదు, ఆ శ్రుతిలో చాలామంది మగవాళ్ళకి అతుకు అక్కడే పడుతుంది. కౌంటర్ టెనర్ల సాధనలో సగం ఆ అతుకు వినపడకుండా చేసుకోవడమే.

గొంతులో జరిగేది ఇదీ. మామూలుగా మాట్లాడేటప్పుడు మగవాడి స్వరతంత్రులు మందంగా, మొత్తంగా కదులుతాయి. పైకి వెళ్ళి పాడేటప్పుడు అవే సాగి, పలచబడి, అంచులు మాత్రమే కదులుతాయి, మధ్యలో కాస్త సందు మిగిలి గాలి లీకవుతుంది. సాధన లేనివాళ్ళ పై గొంతు ఊదినట్టు బలహీనంగా ఉండేది అందుకే. ఏళ్ళ తరబడి సాధన చేస్తే ఆ సందు తగ్గుతుంది, ఊపిరి అదుపులోకొస్తుంది, అప్పుడు అదే గొంతు వాద్యబృందాన్ని దాటుకుని మైకు లేకుండా ఒపేరా (పాటలతోనే నడిచే పాశ్చాత్య నాటకం) హాల్లో వెనక వరుస దాకా వినపడుతుంది. వాళ్ళు పాడే మేర మన లెక్కలో చెప్పాలంటే దాదాపు ఐదు శ్రుతిలో మధ్య షడ్జమం నుంచి తార పంచమం వరకు, అంటే మన గాయనిలు కచేరీలో తిరిగే చోటే. మాట్లాడితే మాత్రం వాళ్ళలో చాలామందివి నీలాగే మామూలు మగ గొంతులు.

ఆల్ఫ్రెడ్ డెల్లర్ అని ఇంగ్లండ్ ఆయన, 1912లో పుట్టాడు. సంగీత కళాశాల గడప తొక్కలేదు, ఫర్నిచర్ షాపులో పనిచేశాడు, 1940 నుంచి కాంటర్బరీ కెథీడ్రల్ గాయక బృందంలో పాడాడు. గొంతు మారే వయసొచ్చినా పై స్థాయిలో పాడటం మానలేదు, అంతే. అక్కడ స్వరకర్త మైఖేల్ టిపెట్ ఆయన్ని విని, పదిహేడో శతాబ్దపు ఇంగ్లిష్ స్వరకర్త పర్సెల్ పాటలకి కావలసిన గొంతు ఇదేనని కచేరీ వేదికల మీదికి తెచ్చాడు. 1960లో ఇంకో స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్ తన ఒపేరాలో ఓబరాన్ అనే పాత్రని ఆయన గొంతు కోసమే రాశాడు. మరుసటి ఏడు అదే ఒపేరా లండన్‌లోని కోవెంట్ గార్డెన్ ఒపేరా హాలుకి వెళ్ళేసరికి ఆ పాత్ర ఇంకొకరికి పోయింది, నటన చాలదన్న విమర్శ వచ్చింది మరి. ఎంత బాధపడి ఉంటాడో! అయినా పాట మానలేదు, 1979లో పోయేదాకా పాడాడు, నేర్పాడు. గడ్డం పెంచుకున్న ఆరడుగుల మనిషి, పెళ్ళాం పిల్లలున్న గృహస్థు, కొడుకు మార్క్ కూడా కౌంటర్ టెనరే అయ్యాడు. నిన్ను ఏడిపించేవాళ్ళకి ఆయన ఫొటో చూపించు.

వాళ్ళకి మన ఊసు కూడా చెప్పు. మగవాడై ఉండి నాటకాల్లో సత్యభామగా తెలుగునాడంతా జేజేలందుకున్న స్థానం నరసింహారావు గారికి 1956లో పద్మశ్రీ ఇచ్చారు. మీ తాతగారు రాత్రంతా ఆ పాత్ర మోసిన గొంతుని వెక్కిరించే హక్కు ఎవరికీ లేదు, ఈ మాట నేను కోపంగానే రాస్తున్నాను.

ఒలింపిక్స్‌లో నువ్వు చూసింది యాకుబ్ యూజెఫ్ ఓర్లిన్‌స్కీని. 1990లో పోలండ్‌లో పుట్టాడు, బ్రేక్ డాన్సర్ కూడా. వార్సాలోనూ న్యూయార్క్‌లోని జూలియార్డ్ సంగీత విద్యాలయంలోనూ చదివాడు. 2017లో ఫ్రాన్స్‌లో ఒక రేడియో కార్యక్రమానికి నిక్కరు వేసుకుని వచ్చి వివాల్డి పాట పాడితే ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది. ఫ్రాన్స్‌కే చెందిన ఫిలిప్ జారూస్కీ ముందు వయొలిన్ నేర్చుకుని, పాటకి వచ్చింది పద్దెనిమిదేళ్ళప్పుడు. కాబట్టి ఇరవైకి ఆలస్యమైపోయిందని టెన్షన్ పడకు.

బతుకుతెరువు సంగతి దాచకుండా చెబుతాను. ఒపేరా గాయకుల్లో నెల జీతం మీద ఉండేవాళ్ళు తక్కువ, ఎక్కువమందివి ఒప్పందాలే. వారాల తరబడి రిహార్సల్స్ చేస్తారు, డబ్బు చాలావరకు ప్రదర్శన లెక్కన వస్తుంది, జలుబు చేసి పాడలేకపోతే ఆ రోజుది పోయినట్టే. ఏడాదిలో సగం సూట్‌కేసుతోనే బతకాలి. ఇటాలియన్, జర్మన్, ఫ్రెంచ్, ఇంగ్లిష్ ఉచ్చారణ ఒంటబట్టాలి. మన దేశంలో ఒపేరా అవకాశాలు బహు తక్కువ, ఎప్పటికైనా యూరప్ వైపు చూడాల్సిందే. ఇంత విన్నాక కూడా మనసు లాగుతుంటేనే అటు వెళ్ళు.

ఈలోపు నీ ఊళ్ళోనే 1919 నుంచి సంగీత కళాశాల ఉంది కదా! ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి అధ్యక్షులుగా ఉన్న చోటు, ఘంటసాల గారు, సుశీలమ్మ చదువుకున్న చోటు. వెళ్ళి గురువుగారికి నమస్కారం చేసి, ‘నాకు ఐదు శ్రుతి కుదురుతోంది, అందులోనే చెప్పండి’ అని అడుగు. మొదట వద్దనొచ్చు, పాడి వినిపించు. కింద గొంతుని వదిలెయ్యకు, రెండూ పెంచితేనే మధ్యలో అతుకు పోతుంది. సరళీ స్వరాలు పైనుంచి కిందికి, మెల్లగా, చిన్న గొంతుతో దిగుతూ పాడు. నొప్పి పుట్టినా, బొంగురుపోయినా ఆ రోజుకి ఆపెయ్. ఆ తర్వాత పాశ్చాత్య పద్ధతి కావాలంటే చెన్నైలో రహమాన్ గారు 2008లో పెట్టిన కె.ఎం. మ్యూజిక్ కన్సర్వేటరీ ఉంది, అక్కడ వెస్టర్న్ వోకల్ నేర్పుతారు.

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేడు నిండాయి, మాట్లాడినా చిన్నపిల్లాడి గొంతే. బాగా పాడతాడు. ఇదీ వరమే అనుకోవచ్చా?
— ఒక తల్లి, ఆమదాలవలస

జవాబు: అమ్మా, ఇది వేరే సంగతి. పై బాబుకి మాట్లాడే గొంతు మారింది, పాటలో మాత్రమే పైకి వెళుతున్నాడు. మీవాడికి మాట్లాడే గొంతే మారలేదంటున్నారు కాబట్టి ముందు ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి. ఎదుగుదల సరిగ్గానే ఉండి గొంతు ఒక్కటే పాత అలవాటులో ఉండిపోతే, స్పీచ్ థెరపీతోనే చాలామందికి సర్దుకుంటుంది. పిల్లాడిని భయపెట్టకండి, నలుగురిలో ఆ మాట ఎత్తకండి.

ప్రశ్న: ఈ గాయకులకి చిన్నప్పుడే ఆపరేషన్ చేస్తారని విన్నాను, నిజమేనా? ఈ పాటలు వినాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: ఇప్పటివాళ్ళకి అదేమీ లేదండీ, సాధన ఒక్కటే. ఒకప్పుడు ఇటలీలో గొంతు మారకూడదని మగపిల్లలకి వృషణాలు తీయించేవారు, సంగీతం పేరుతో జరిగిన ఘోరం అది. వాళ్ళని కాస్ట్రాటోలు అనేవారు. ఫారినెల్లి లాంటి ఒకరిద్దరికి రాజుల కొలువు దొరికింది, పేరు లేకుండా మిగిలిపోయినవాళ్ళు ఎందరో. చివరివాళ్ళలో ఒకరైన మొరెస్కీ పాట 1902, 1904లలో రికార్డయింది. హాండెల్ అనే స్వరకర్త 1724లో లండన్‌లో తన ‘జూలియస్ సీజర్’ ఒపేరాలో సీజర్ పాత్రని సెనెసీనో అనే కాస్ట్రాటో కోసం రాశాడు, నేడు దాన్ని కౌంటర్ టెనర్లు పాడుతున్నారు. మీరు ఆ సీజర్ పాటలతోనే మొదలుపెట్టండి. తర్వాత డెల్లర్ పాడిన పర్సెల్ వినండి. రాత్రి పూట, ఇయర్ ఫోన్స్ పెట్టుకుని, మొదటి రెండు నిమిషాలు కొత్తగా అనిపించినా ఆపకుండా.