సంతకం అయ్యాక మనసు మారితే...

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు ఇంగ్లండులోని లెస్టర్‌లో ఉంటున్నారు. ఇంటికి వచ్చిన ఏజెంటు మాట మీద కరెంటు, గ్యాసు రెండూ కొత్త కంపెనీకి మార్చుకుని ఏడాది ఒప్పందం చేసుకున్నారు. తీరా లెక్క చూసుకుంటే పాత కంపెనీ ధరే తక్కువట. ఇంకా వారం కాలేదు గాని, సరఫరా మారిపోయిందని సందేశం వచ్చేసింది. బ్యాంకులో డైరెక్ట్ డెబిట్ (బిల్లు డబ్బు ఖాతా నుంచి దానంతటదే వెళ్లే ఏర్పాటు) ఆపేస్తే ఒప్పందం దానంతటదే పోతుందని అల్లుడుగారు అంటున్నారు. నిజమేనా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, అమలాపురం

జవాబు: ఒప్పందం రద్దు చేసుకునే హక్కు వారికి ఉంది. అయితే డైరెక్ట్ డెబిట్ ఆపినంత మాత్రాన అది రద్దు కాదు. బ్యాంకు నుంచి డబ్బు వెళ్లడం ఆగుతుందే తప్ప ఒప్పందం అలాగే ఉంటుంది, బిల్లు పెరుగుతూ ఉంటుంది, చివరికి అది బకాయిగా మారి మీ పిల్లల రుణ చరిత్రను దెబ్బతీసే ప్రమాదం కూడా ఉంది. కాబట్టి అల్లుడుగారికి ఈ సంగతి ముందుగా చెప్పండి.

బ్రిటన్‌లో ఇళ్లకు కరెంటు, గ్యాసు అమ్మే కంపెనీలు చాలా ఉన్నాయి. కంపెనీ మారినా తీగలు, గొట్టాలు, మీటరు అవే ఉంటాయి. బిల్లు ఇచ్చేవారు మాత్రమే మారతారు. అక్కడి 2013 నాటి వినియోగదారుల ఒప్పందాల నిబంధనల ప్రకారం, ఫోనులో గాని, ఇంటర్నెట్‌లో గాని, ఇంటి గుమ్మం దగ్గర గాని కుదిరిన ఇటువంటి ఒప్పందాన్ని 14 రోజుల్లోగా ఏ కారణమూ చెప్పకుండా రద్దు చేసుకోవచ్చు. దీన్నే కూలింగ్ ఆఫ్ గడువు అంటారు. ఒప్పందం కుదిరిన రోజును లెక్కలోకి తీసుకోరు. ఉదాహరణకు 3వ తేదీన ఒప్పుకుని ఉంటే 17వ తేదీ రాత్రి వరకు గడువు ఉంటుంది. ఆ లోపల రద్దు చేసుకున్నవారి నుంచి కంపెనీ విరమణ రుసుము వసూలు చేయకూడదు.

సరఫరా మారిపోయిందన్న సందేశం చూసి కంగారు పడవద్దు. 2022 జూలై నుంచి అక్కడ కంపెనీ మార్పు ఐదు పనిదినాల్లోనే పూర్తవుతోంది. అందువల్ల గడువు ముగియకముందే సరఫరా మారడం మామూలైపోయింది, దానివల్ల మీ పిల్లల హక్కు పోదు. ఈలోగా వాడుకున్న యూనిట్లకు మాత్రం డబ్బు చెల్లించాలి. అందుకని ఈ రోజే రెండు మీటర్ల దగ్గరికీ వెళ్లి, అంకెలు స్పష్టంగా కనిపించేలా ఫొటోలు తీసి దాచుకోమనండి. తరువాత ఎంత వాడారన్న వాదన వస్తే నిలబడే రుజువు అదే.

రద్దు చేస్తున్నట్టు ఫోనులో చెప్పినా చెల్లుతుంది గాని, నేను మాత్రం ఈమెయిల్ రాయమనే అంటాను. రద్దు చేశామని రుజువు చేసుకోవలసింది వినియోగదారే. పేరు, చిరునామా, ఒప్పందం కుదిరిన తేదీ, ఖాతా నంబరు రాసి, "ఈ ఒప్పందాన్ని కూలింగ్ ఆఫ్ గడువులోపల రద్దు చేసుకుంటున్నాము" అని ఒక్క వాక్యం చేరిస్తే సరిపోతుంది. ఆ లేఖ గడువులోగా పంపితే చాలు, కంపెనీ దాన్ని ఎప్పుడు చదివినా ఇబ్బంది లేదు. అసలు ఇటువంటి హక్కు ఉందని కంపెనీ రాతపూర్వకంగా తెలియజేయనే లేదనుకోండి, అప్పుడు గడువు ఏకంగా మరో 12 నెలల దాకా పెరిగిపోతుంది. ఏజెంటు ఇచ్చిన కాగితాలను, తరువాత వచ్చిన ఈమెయిళ్లను ఈ దృష్టితో కూడా ఒకసారి తిరగేయడం మంచిది.

ఇక్కడ చాలామంది మరచిపోయే పని ఇంకొకటి ఉంది. కొత్త కంపెనీతో ఒప్పందం రద్దయినా ఇంట్లో దీపాలు వెలుగుతూనే ఉంటాయి. ఆ సరఫరా ఎవరిదో తేల్చుకోకపోతే ఎక్కువ ధర పడే అవకాశం ఉంది. పాత కంపెనీకే తిరిగి వెళ్లదలిస్తే వారికి వెంటనే విషయం చెప్పాలి. ఇలా గడువులోపల వెనక్కి వచ్చినవారిని మునుపటి షరతులకు సమానమైన షరతులతోనే చేర్చుకోవాలన్నది అక్కడి నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ నియమం. కంపెనీ మొండికేస్తే ముందు ఆ కంపెనీకే ఫిర్యాదు చేయాలి. ఎనిమిది వారాల్లో పరిష్కారం కాకపోతే ఇటువంటి తగాదాలు తీర్చే ఎనర్జీ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. సిటిజన్స్ అడ్వైస్ అనే సంస్థ ఉచితంగా సలహా ఇస్తుంది.

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె. ఒక సోలార్ కంపెనీ మనిషి ఇంటికి వచ్చి, ఇది కేంద్ర ప్రభుత్వ పథకమనీ, 20,000 రూపాయలు అడ్వాన్సు ఇస్తే మిగతాదంతా సబ్సిడీలో సరిపోతుందనీ చెప్పి మా నాన్నగారి చేత సంతకం పెట్టించుకున్నాడు. రెండో రోజు పంపిన కొటేషన్‌లో మూడు కిలోవాట్లకు దాదాపు రెండు లక్షలు ఉంది. వద్దంటే అడ్వాన్సు తిరిగి రాదంటున్నారు. బీమా పాలసీకి ఉన్నట్టు దీనికి కూడా గడువు ఉండదా?
– ఒక రైతు కుమారుడు

జవాబు: బీమా పాలసీ చేతికి అందాక నచ్చకపోతే 30 రోజుల్లోగా తిరిగి ఇచ్చేయవచ్చు. ఇంటి మీద సోలార్ పలకలు పెట్టించుకునే ఒప్పందానికి మన దేశంలో అటువంటి సాధారణ గడువును ఏ చట్టమూ ఇవ్వలేదు. ఇది చెప్పడానికి నాకు బాధగానే ఉంది. గుమ్మం దగ్గర జరిగే అమ్మకాలకు మన దగ్గర కూడా పద్నాలుగు రోజుల గడువు ఉండి తీరాలని నా గట్టి అభిప్రాయం. మన రెండు గోదావరి జిల్లాలకూ కరెంటు ఇచ్చేది తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ఒక్కటే కనుక, కంపెనీ మార్చుకునే సందర్భం ఇళ్లకు ఇంతవరకూ రాలేదు. సోలార్ రాకతో ఆ గుమ్మం బేరాలు ఇప్పుడు మన పల్లెల్లోకీ వచ్చాయి.

అయినా మీ చేతులు కట్టేసినట్టు కాదు. ఇంటి మీద సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకంలో ఆ సబ్సిడీ ఒక కిలోవాటుకు 30,000, రెండు కిలోవాట్లకు 60,000, మూడు గాని అంతకు మించి గాని అయితే 78,000 రూపాయలు మాత్రమే. అది కూడా పలకలు బిగించి, మీటరు పెట్టి, అంతా సక్రమంగా ఉందని తేలిన తరువాత వినియోగదారుని బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. "మిగతాదంతా సబ్సిడీలో సరిపోతుంది" అన్న మాట, మీరు చెప్పిన కొటేషన్ ప్రకారమే చూసినా, అబద్ధం. అబద్ధం చెప్పి తీసుకున్న సమ్మతి మీద నిలిచిన ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 19వ సెక్షన్ మీ నాన్నగారికి ఇస్తోంది. అడ్వాన్సు మొత్తం పోయినట్టేనని కాగితంలో రాసి ఉన్నా, అదే చట్టం 74వ సెక్షన్ ప్రకారం సహేతుకమైన పరిహారానికి మించి రాబట్టుకోవడం కుదరదని వాదించవచ్చు. ఒక్క పలక కూడా మేడ ఎక్కని దశలో వారికి జరిగిన నష్టం ఏమిటో వారే చూపించాలని గట్టిగా అడగండి.

నాన్నగారి పేరు మీదే, ఆయన సంతకంతో, రసీదు నకలు జతచేసి, ఏజెంటు చెప్పిన మాటను ఆయన మాటల్లోనే రాసి, రద్దు చేస్తున్నామనీ అడ్వాన్సు ఫలానా తేదీలోగా వాపసు చేయాలనీ కంపెనీకి ఉత్తరం పంపండి. స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా పంపాలి. వాట్సాప్‌లో కూడా పెట్టండి. ఆలస్యం చేయకండి. నిజం తెలిశాక కూడా ఊరుకుంటే, మీరు ఒప్పుకున్నారని వారు అనగలుగుతారు. పథకం దరఖాస్తు కోసమంటూ ఫోనుకు వచ్చే ఓటీపీని ఇకపై ఎవరికీ చెప్పవద్దు.

దారికి రాకపోతే 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించండి. ఆ తరువాత జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. చెల్లించిన మొత్తం ఐదు లక్షలలోపు ఉంటే అక్కడ రుసుము లేదు, మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు, వకీలు తప్పనిసరి కాదు. రెండేళ్ల కాలపరిమితి మాత్రం దాటకూడదు.

ప్రశ్న: సోలార్ కోసం ఫోను యాప్‌లో అప్పు తీసుకున్నాను. మర్నాడే వద్దనిపించింది.
– రావులపాలెం పాఠకుడు

జవాబు: అప్పు ఇచ్చింది బ్యాంకు గాని, రిజర్వు బ్యాంకు నియంత్రణలోని ఫైనాన్స్ సంస్థ గాని అయితే, డిజిటల్ అప్పుకు కనీసం ఒక రోజు కూలింగ్ ఆఫ్ గడువు ఇవ్వాలి. ఎన్ని రోజులో ఒప్పంద పత్రంతో వచ్చిన కీలక వివరాల పట్టికలో ఉంటుంది. ఆ లోపల అసలు, ఆ రోజులకు పడే వడ్డీ కట్టేస్తే జరిమానా ఉండదు. ముందే తెలియజేసిన ప్రాసెసింగ్ ఫీజు మాత్రం వారు ఉంచుకోవచ్చు. ఈ ఉత్తరం మాకు అందేసరికే ఆ గడువు దాటి ఉండవచ్చు కాబట్టి, ఇది చదివేవారు ఎవరైనా ఇదే స్థితిలో ఉంటే ముందు ఆ పట్టిక తెరిచి చూడండి.

ప్రశ్న: నరసాపురం తీరంలో మాకు డాబా ఇల్లు ఉంది. సోలార్ ఒప్పందంపై ఇంకా సంతకం చేయలేదు. ఏమి చూసుకోవాలి?
– ఒక గృహిణి

జవాబు: చట్టం గడువు ఇవ్వని చోట, దాన్ని కాగితం మీద మీరే రాయించుకోవాలి. కొటేషన్ అడుగున "సామగ్రి ఇంటికి చేరకముందు, సంతకం చేసిన 10 రోజుల్లోగా రద్దు చేసుకుంటే అడ్వాన్సు పూర్తిగా వాపసు" అని రాయించి కంపెనీ ముద్ర వేయించుకోండి. ఇందుకు ఒప్పుకోని కంపెనీకి అడ్వాన్సు ఇవ్వకండి. ధర సబ్సిడీకి ముందు ఎంత, తరువాత ఎంత అన్నది విడివిడిగా ఉండాలి. సముద్రపు ఉప్పుగాలికి ఇనుప ఫ్రేములు త్వరగా తుప్పు పడతాయి గనుక గాల్వనైజింగ్ (జింకు పూత) చేసిన ఫ్రేములేనా, తుఫాను గాలికి పలకలు ఎగిరిపోతే బాధ్యత ఎవరిది అన్నవి అడిగి రాయించండి. డాబా పక్కన కొబ్బరిచెట్లుంటే ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం మూడుకు నీడ ఎక్కడ పడుతోందో మీరే పైకెక్కి చూడండి. చిన్న నీడ పడినా ఉత్పత్తి బాగా తగ్గుతుంది, ఆ లోపాన్ని సంతకం తరువాత ఏ కంపెనీ తన ఖాతాలో వేసుకోదు.