"ఉంది" అని రాశావు, ఎంత ఉందో రాయలేదు

బరంపురం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

పర్లాకిమిడి నుంచి నువ్వు పంపిన వ్యాసం సోమవారం అందింది. ఒడియా బడిలో చదివి, ఇంగ్లీషులో వృక్షశాస్త్రం ఎం.ఎస్సీ. చేసి, ఇంట్లో అమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగులో కణజాల వర్ధనం (మొక్క కణాలను సీసాల్లో పెంచడం) గురించి పద్నాలుగు పేజీలు రాసిన పిల్ల మన సరిహద్దు జిల్లాల్లో ఉందని తెలిసి ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు నాకు. అందుకే మెచ్చుకోలు మాటలతో సరిపెట్టి పంపించలేను. అక్షరదోషాలు పెన్సిల్‌తో గుర్తుపెట్టి విడిగా పంపుతున్నాను, అవి నువ్వే దిద్దుకోగలవు. ఈ ఉత్తరం నీ మూడో పేజీలోని ఒక వాక్యం గురించి.

"మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరు ఆకులో క్యాన్సర్‌ను నయం చేసే మందు ఉంది." ఇదీ ఆ వాక్యం. పరీక్షలో రాస్తే మార్కులు పడతాయి. ముప్ఫై ఏళ్ల కిందట సరిగ్గా ఇలాంటి వాక్యమే నేనూ రాశాను, ఒక చిన్న పత్రికలో. కొన్ని నెలలకు ఛత్రపురం దగ్గరి పల్లె నుంచి ఒకాయన మా ఇంటికి వచ్చాడు. నా వ్యాసం కత్తిరించి, మడతపెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తమ్ముడికి రక్తపు క్యాన్సర్. విశాఖపట్నం ఆసుపత్రికి తిప్పే స్తోమత లేక, రెండు నెలలుగా తెల్లవారుజామునే బిళ్ళగన్నేరు ఆకుల కషాయం పట్టిస్తున్నారట. నాతో నిష్ఠూరమాడటానికి రాలేదు. పూటకు ఎన్ని ఆకులు వేయాలో అడిగి తెలుసుకుందామని వచ్చాడు. అప్పటికప్పుడు ఇద్దరం కలిసి బస్సెక్కి ఆసుపత్రికి వెళ్లాం. ఆ కుర్రవాడు దక్కలేదు. మొదటి నుంచీ ఆసుపత్రిలో ఉన్నా దక్కేవాడో లేదో ఎవరూ చెప్పలేరు. కానీ ఆ రెండు నెలలు నా వాక్యం వల్ల పోయాయి. ఈ మాట ఇంతవరకు ఎవరికీ రాయలేదు. నీ మూడో పేజీ చూశాక రాయక తప్పలేదు.

నేను రాయవలసింది ఏమిటో అప్పుడు తెలిసింది. బిళ్ళగన్నేరు ఆకులోని క్యాన్సర్ మందులు విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్. ఒక్క గ్రాము విన్‌బ్లాస్టిన్ తీయాలంటే సుమారు 500 కిలోల ఎండాకు కావాలి. విన్‌క్రిస్టిన్ అంతకన్నా అరుదు. రోగికి ఇచ్చేది మిల్లీగ్రాముల లెక్కలో, అదీ శుద్ధి చేసి, నేరుగా రక్తనాళంలోకి, వైద్యుడి కళ్లముందు. పచ్చి ఆకులో ఆ మందు జాడ మాత్రంగా ఉంటుంది. దాని చుట్టూ వందకు పైగా ఇతర ఆల్కలాయిడ్లు (నత్రజని ఉండే మొక్క రసాయనాలు) ఉంటాయి, వాటిలో కొన్ని విషాలు. కషాయంలో మందు అందదు, విషం అందవచ్చు. ఈ నాలుగు ముక్కలు ఉండి ఉంటే ఆయన ఆ కాగితాన్ని జేబులో పెట్టుకునేవాడు కాదు. మందుమొక్కల గురించి రాసేవాళ్లకు "ఉంది" అన్న మాట చాలా తేలికగా వస్తుంది. "ఎంత ఉంది" అని తనను తాను అడగకుండా ఆ మాట వాడే హక్కు మనకు లేదని నా గట్టి నమ్మకం.

పైగా నువ్వు ఎంచుకున్న శాస్త్రం పుట్టిందే ఆ "ఎంత" వల్ల. ఆకులో మందు సమృద్ధిగా ఉంటే ఎవరు సీసాల్లో కణాలు పెంచుతారు? అమెరికా పడమటి తీరపు అడవుల్లో పెరిగే పసిఫిక్ యూ చెట్టు సంగతి నువ్వూ రాశావు. శాస్త్రవేత్తలు మన్రో వాల్, మన్‌సుఖ్ వాణి 1971లో దాని బెరడులోని టాక్సాల్ అనే క్యాన్సర్ మందు నిర్మాణాన్ని ప్రకటించారని, 1992లో అమెరికాలో అండాశయ క్యాన్సర్‌కు అనుమతి వచ్చిందని చెప్పి ఊరుకున్నావు. ఒక కిలో మందుకు సుమారు పది వేల కిలోల బెరడు కావలసి వచ్చిందన్నది ఎందుకు వదిలేశావు? బెరడు ఒలిస్తే చెట్టు చచ్చిపోతుంది. నూరేళ్లకు గాని ఎదగని చెట్టు అది. ఆ లెక్క చెబితే, యూరప్ యూ చెట్టు ఆకుల్లోని పదార్థం నుంచి మందు తయారు చేయడం ఎందుకు మొదలైందో, ఆ తర్వాత జర్మనీలో వేల లీటర్ల తొట్టెల్లో యూ కణాలను పెంచే దాకా ఎందుకు వెళ్లారో నువ్వు వివరించనక్కరలేకుండానే పాఠకుడు గ్రహిస్తాడు.

ఇక ఐదో పేజీ. "పంచదార, లవణాలు, హార్మోన్లు కలిపిన యానకంలో కణాలు పెరుగుతాయి, మందు తయారవుతుంది." ఈ వాక్యంలో కామా ఉన్న చోట అసలు కథ అంతా మునిగిపోయింది. కణం పెరగడం ఒక పని, మందు తయారు చేయడం మరో పని. చాలాసార్లు ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు. మొక్క ఈ రసాయనాలను మన కోసం చేయదు. పురుగు తినకుండా, బూజు పట్టకుండా, పశువు మేయకుండా తన కోసం తాను చేసుకుంటుంది. సీసాలో పురుగు లేదు, పశువు లేదు, లీటరుకు 30 గ్రాముల పంచదార ఉంది. వేళకు తిండి దొరికే కణం విభజన చెందుతూ పోతుంది. మందు ఊసెత్తదు.

బిళ్ళగన్నేరే చూడు. విన్‌బ్లాస్టిన్ అణువు రెండు సగాలు కలిస్తే ఏర్పడుతుంది: కాథరాంథిన్, విండోలిన్. కాలస్ కణాలు, అంటే ఆకూ వేరూ అన్న తేడా లేకుండా ముద్దగా పెరిగే కణాలు, కాథరాంథిన్‌ను చేయగలవు. విండోలిన్ మాత్రం చేయవు. దాని చివరి మెట్లు వెలుతురు సోకిన ఆకులో, కొన్ని ప్రత్యేక కణాల్లో మాత్రమే జరుగుతాయి. ముద్దలో ఆకే లేదు, ఇక ఆ ప్రత్యేక కణాలెక్కడివి? ఇన్ని దశాబ్దాల కృషి తర్వాత కూడా ఆ మందుకు పొలంలో పెంచిన ఆకే ఆధారమైంది. 2022లో ఈస్ట్ కణాల్లో ఆ రెండు సగాలనూ తయారు చేయించగలిగారు. అది వేరే దారి, మరో వ్యాసానికి సరిపడే సంగతి. నీ వ్యాసంలో బిళ్ళగన్నేరును విజయగాథగా రాశావు. అది ఓటమి కథ. ఓటమిగానే రాయి, పాఠకుడు నిన్ను ఎక్కువ నమ్ముతాడు. నువ్వూ కణాన్ని ఎక్కువ అర్థం చేసుకుంటావు.

విజయం కావాలంటే జపాన్ షికోనిన్‌ను తీసుకో. నువ్వు దానికి రెండే పంక్తులు ఇచ్చావు, రెండు పేజీలు ఇవ్వవలసింది. లిథోస్పెర్మమ్ అనే మొక్క వేరులో ఉండే ఎర్రని పదార్థం అది. పుండ్లకు, కాలిన గాయాలకు మందు, బట్టలకు రంగు. వేరు చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది, వచ్చాక కూడా అందులో ఉండేది ఒకటి రెండు శాతం. మిత్సుయి పెట్రోకెమికల్ సంస్థ 1983లో కణాలను తొట్టెల్లో పెంచి దాన్ని అమ్మకానికి తెచ్చింది. మొక్క కణాల పెంపకం నుంచి బజారుకు చేరిన మొదటి పదార్థాల్లో అదొకటి. మూడు వారాల పైచిలుకులో కణాల ఎండుబరువులో పది శాతానికి మించి షికోనిన్ వచ్చింది. ఎలా వచ్చింది? వెలుతురు పడితే ఆ కణాలు రంగు చేయడం మానేస్తాయని గమనించారు. అమోనియం ఉన్నా మానేస్తాయని గమనించారు. కాబట్టి మొదట ఒక యానకంలో బాగా పెంచి, తర్వాత అమోనియం లేని మరో యానకంలోకి మార్చారు. మన రైతు నారుమడిలో పెంచిన మొలకను పీకి పొలంలో నాటినట్టే. "రెండు దశల వర్ధనం" అన్న నీ మాట తప్పు కాదు. కానీ నారుమడి చూసి పెరిగిన పిల్లవు నువ్వు, ఆ పోలిక నీకు నా కన్నా ముందు తట్టాలి.

యూ కణాలకు మిథైల్ జాస్మొనేట్ చేర్చితే టాక్సాల్ పెరుగుతుందన్న సంగతి కూడా ఇక్కడే ఇముడుతుంది. పురుగు కొరికిన ఆకు మొక్కంతటికీ పంపే హెచ్చరిక జాస్మొనేట్లది. మొదట జాజిపూల నూనెలో పట్టుకున్నారు కాబట్టి ఆ పేరు. పురుగు లేని సీసాలో పురుగు వచ్చిందన్న వార్త మాత్రం పంపుతున్నారన్నమాట. నీ వ్యాసం మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చే చోటు ఇది కావచ్చు, నువ్వు అడుగు పెట్టకుండా దాటిపోయావు.

చరిత్ర నాలుగు పేజీలు ఎక్కువ, ఒకటికి కుదించు. హాబర్లాండ్ అనే వృక్షశాస్త్రవేత్త 1902లో పెంచజూసిన కణాలు బతికాయి గాని ఒక్కటీ విభజన చెందలేదన్నది ఉంచు. మురాషిగే, స్కూగ్ 1962లో ఇచ్చిన యానకం నేటికీ చాలా ప్రయోగశాలల్లో వాడుతున్నారన్నది ఉంచు. 1964లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో శిప్రా గుహ, మహేశ్వరి ఉమ్మెత్త పుప్పొడి నుంచి మొక్కలు మొలిపించిన సంగతి నువ్వు రాయనే లేదు. మన దేశంలో జరిగిన పని, మన చెరువుగట్టున పెరిగే ఉమ్మెత్త. అది చేర్చు.

సర్పగంధి దగ్గర మరో చిక్కు ఉంది. "పాతాళగరుడి" అని రాశావు. మన వాడుకలో చాలామంది సర్పగంధిని అలాగే అంటారు. సంస్కృత వైద్య గ్రంథాల్లో అదే పేరు దూసరితీగది. ఒకటి రక్తపోటును దింపే రెసర్పిన్ ఉన్న వేరు, రెండోది వేరే కుటుంబపు తీగ. మొదటిసారి చెప్పినప్పుడు రావుల్ఫియా సర్పెంటైనా అని శాస్త్రనామం రాసి తీరాలి, తెలుగు లిపిలోనే. ఆ తర్వాత నీకు నచ్చిన పేరు వాడుకో. బొంబాయి గుండె వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో ప్రచురించిన పరిశోధనతో ప్రపంచం కళ్లు ఆ మొక్క మీద పడ్డాయి. 1952లో రెసర్పిన్‌ను వేరుచేశారు. ఆ తర్వాత అడవుల్లో ఎంత తవ్వారో, దాని అంతర్జాతీయ వ్యాపారం మీద నియంత్రణ పెట్టవలసి వచ్చింది. వేరు తవ్వితే మొక్క మిగలదు కదా. వేరులోని మందు కావాలంటే వేరునే పెంచాలన్న ఆలోచన నుంచి వచ్చాయి వెంట్రుక వేళ్లు. అగ్రోబాక్టీరియం రైజోజెనిస్ అనే మట్టి సూక్ష్మజీవి తన జన్యువుల్లో కొన్నిటిని మొక్క కణంలోకి పంపుతుంది. అక్కడి నుంచి గుబురుగా వేళ్లు పుట్టుకొస్తాయి. హార్మోన్లు పోయనక్కరలేదు, వేరు గనుక వేరు చేసే పని మరిచిపోదు. కాలస్ ముద్దతో వచ్చిన ఇబ్బంది ఇక్కడ సగం తీరుతుంది. మిగతా సగం ఏమిటంటే, పెద్ద తొట్టెలో ఆ వేళ్లు చిక్కుపడి ఉండకట్టి లోపలి వాటికి గాలి అందదు.

నువ్వు ఉండేది గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు. ఆయన నలుగురికీ అర్థమయ్యే తెలుగు కోసం పోరాడారని అందరూ చెబుతారు. సవర గిరిజనుల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకుని, నిఘంటువు కూర్చారన్నది నీకు ఇప్పుడు ఎక్కువ అవసరం. మోహన, సెరంగో వైపు సంతల్లో వేళ్లు, దుంపలు అమ్మే సవర ఆడవాళ్లను కలువు. ఏ మొక్కను ఏమంటారో, ఇదివరకు ఎంత దూరంలో దొరికేదో, ఇప్పుడు ఎంత దూరం నడవాలో అడుగు. మహేంద్రగిరి గురించి నువ్వు రాసిన పేరాలో కొండ ఉంది, మొక్కలు ఉన్నాయి, మనుషులు లేరు. వాళ్ల పేర్లు రాయకు, మాటలు రాయి. ఏ వేరు దేనికి వాడతారో వాళ్లు నమ్మి చెబితే, అచ్చు వేయవచ్చా అని మళ్లీ అడుగు. వద్దంటే వదిలెయ్యి.

చివరి పేజీలో "ఈ పద్ధతికి వానతో, ఎండతో, రుతువులతో పనిలేదు" అన్నావు. పాఠ్యపుస్తకాలూ అలాగే అంటాయి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. మా ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. అప్పట్లో నాకు తెలిసిన ఒక ప్రయోగశాలలో ఆరేళ్లుగా ఒకే కణాల వరుసను, అంటే ఒకే మూలం నుంచి వచ్చిన కణాలను, పోషిస్తున్నారు. నాలుగు వారాలకోసారి కొత్త యానకంలోకి మారుస్తూ, గదిని 25 డిగ్రీల దగ్గర నిలుపుతూ. జనరేటర్‌కు డీజిల్ అయిపోయింది. బంకుల దగ్గర బారులు. నేను వెళ్లేసరికి ఆ గది ఆవిరిపట్టినట్టు ఉంది. సీసాల్లో నల్లటి, పచ్చటి బూజు. ఆ వరుసను కాపాడిన అమ్మాయి ఒక్కో సీసా మీది తేదీ చదివి పుస్తకంలో కొట్టివేస్తూ కూర్చుంది, నాతో ఏమీ మాట్లాడలేదు. ఆకాశంతో పనిలేదన్న ఆ వాక్యాన్ని ఆ రోజు నుంచి నేను ఎక్కడా రాయలేదు.

అందుకే ఒక పని చెబుతాను. వచ్చే నెల మొదటి వారంలో ఉదయం బస్సుకు బరంపురం రా. నాకు తెలిసినవాళ్ల ప్రయోగశాలలో ఒక రోజు ఉండేందుకు అనుమతి అడిగాను, ఒప్పుకున్నారు. జుట్టు గట్టిగా ముడి వేసుకుని రా. యానకం కలపడం, 121 డిగ్రీల ఆవిరిలో ఉడికించడం, ఆకు ముక్కను కడిగి, కోసి, మంటకు దగ్గరగా సీసాలోకి దించడం, అంతా నీ చేతులతో చెయ్యి. నీ సీసా మీద తేదీ రాసి పెట్టు. పది రోజుల తర్వాత మళ్లీ వచ్చి చూడు. కణాలు వచ్చినా రాయి, బూజు వచ్చినా రాయి.

మిగతా పేజీలకు తొందర లేదు. మూడో పేజీ మాత్రం ముందు తిరగరాసి పంపు. కషాయం చేయవద్దని, ఆసుపత్రి మానవద్దని ఆ పేరాలోనే ఉండాలి, వ్యాసం చివర అడుగున చిన్న అక్షరాల్లో కాదు.

మీ అమ్మగారికి నమస్కారాలు చెప్పు.

ఆశీస్సులతో,
మాస్టారు